పసిబిడ్డ కడుపులో వెలసే ఊరు

ఇంట బిడ్డ పుట్టినదని కబురు రాగానే మనము అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నవి. ఆడపిల్లా, మగపిల్లవాడా? బరువెంత? ఎవరి పోలిక? తల్లి కులాసాగా ఉన్నదా? బరంపురములో ఉన్నా, బెంగుళూరులో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, యానాములో ఉన్నా తెలుగు ఇండ్లలో ఈ ప్రశ్నలు మారవు. వీటితోపాటు ఇంకొక ప్రశ్న కూడా అడుగవలసినదేనని శిశువైద్య శాస్త్రము ఇటీవల గట్టిగా చెబుతున్నది. ఆ బిడ్డ కడుపులోనికి ముందుగా ఎవరు వచ్చి చేరుతున్నారు? ఇదీ ఆ ప్రశ్న.

ఇక్కడ 'ఎవరు' అంటే కంటికి కనిపించని సూక్ష్మజీవులు, బాక్టీరియా. ఈ మాట వినగానే చాలమందికి కలరా, టైఫాయిడు, క్షయ జ్ఞాపకము వస్తాయి. బడిలో మనము చదువుకొన్న పాఠము అటువంటిది. క్రిమి అంటే శత్రువు, దానిని చంపడమే ఆరోగ్యము అని నేర్చుకొన్నాము. ఆ పాఠము అబద్ధము కాదు గాని, సగము పాఠము మాత్రమే. రోగము తెచ్చే బాక్టీరియా కొన్నే. మన శరీరములో కాపురముండి, మనము తిన్నదానిలో తమ వాటా తీసికొని, అందుకు బదులుగా మనకు పని చేసిపెట్టేవి అంతకంటె ఎన్నో రెట్లు. పెరిగిన మనిషి దేహములో బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటవని 2016లో ఇశ్రాయేలు, కెనడా దేశాల శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. మనిషి సొంత జీవకణములు సుమారు 30 లక్షల కోట్లు. లెక్కకు మనకంటె అవే ఎక్కువన్నమాట. బరువు మాత్రము అన్నీ కలిపి పావుకిలోకు లోపే. వీటిలో అత్యధిక భాగము పెద్దప్రేగులోనే నివసిస్తుంది.

ఇంత జనమూ పుట్టుకతో వచ్చినది కాదు. తల్లి గర్భములో ఉన్నంతకాలము బిడ్డ ప్రేగులలో ఈ జీవులు కాపురముండవనే నేటి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయము. పుట్టిన గంటలనుండి మూడవ ఏడు వచ్చేలోపల ఖాళీగా ఉన్న ఆ చోట ఒక ఊరు వెలుస్తుంది. ఆ ఊరు ఎట్లా వెలుస్తుంది, దానికి మనము చేయగల మేలేమి, తెలియక చేస్తున్న కీడేమి అన్న సంగతులు మన ఇండ్లలోని తల్లులకూ, వారికంటె ముఖ్యముగా అత్తగార్లకూ అమ్మమ్మలకూ చెప్పవలెనని మా ఉద్దేశము.

తొలిసారి చూచినవారు

1885 ప్రాంతములో జర్మనీ దేశపు మ్యూనిక్ నగరములో థియొడోర్ ఎషెరిష్ అనే యువ వైద్యుడు పసిపిల్లల మలమును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి పరీక్షిస్తూ ఉండేవాడు. ఆ కాలములో ఐరోపాలో విరేచనాలతో పసిపిల్లలు విపరీతముగా చనిపోయేవారు. రోగానికి మూలము తెలియాలంటే, ముందు ఆరోగ్యముగా ఉన్న బిడ్డ కడుపులో ఏమున్నదో తెలియాలి గదా అని ఆయన ఆలోచన. పుట్టగానే పోయే నల్లని జిగట మలములో ఆయనకు బాక్టీరియా కనిపించలేదు. కొద్ది గంటలు గడిచేసరికి కనిపించినవి. అవి బయటి లోకమునుండే వచ్చి చేరుతున్నవని ఆయన తేల్చినాడు. ఆయన వర్ణించిన బాక్టీరియాలో ఒకదానికి తరువాతివారు ఆయన పేరే పెట్టినారు. నీటి పరీక్ష నివేదికలలో మనము చూచే 'ఇ. కోలి' అనే పేరులోని మొదటి అక్షరము ఆ ఎషెరిష్ గారిదే. తరువాతి కాలములో వియన్నాలో శిశువైద్యాచార్యుడై, తల్లులు తమ పాలే ఇవ్వవలెనని ఆయన ప్రచారము చేసినాడు.

పిమ్మట 1899లో పారిస్ నగరములోని పాశ్చర్ సంస్థలో ఆన్రీ టిస్సియే అనే వైద్యుడు, తల్లిపాలు త్రాగే బిడ్డల మలములో పంగలకర్ర ఆకారములో చీలి ఉన్న ఒక బాక్టీరియాను కనుగొన్నాడు. రెండుగా చీలినది అనే అర్థములో దానికి 'బిఫిడస్' అని పేరు వచ్చినది. ఆ కుటుంబమును నేడు బిఫిడోబాక్టీరియా అంటున్నారు. తల్లిపాల బిడ్డలలో ఇది సమృద్ధిగా ఉన్నదనీ, సీసాపాలు త్రాగే బిడ్డలలో అంతగా లేదనీ ఆయన గమనించినాడు. ఎందుకిట్లా అన్న ప్రశ్నకు సమాధానము దొరకడానికి ఇంకా అర్ధ శతాబ్దము పైగా పట్టినది.

ఊరు కట్టే వరుస

కొత్త చోట ఊరు వెలిసేటప్పుడు అందరూ ఒకేసారి రారు. ముందు తుప్పలు కొట్టి, బావి త్రవ్వేవారు వస్తారు. తరువాత దున్నేవారు వస్తారు. నాలుగు గింజలు పండి, నాలుగు ఇండ్లు లేచిన తరువాత నేతవారు, కుమ్మరులు, వర్తకులు వచ్చి చేరుతారు. తరతరాల క్రిందట సొంత సీమను విడిచి వచ్చి, పరాయి సీమలో ఊళ్ళూ పేటలూ కట్టుకొన్న మనవారికి ఈ వరుస ఒకరు చెప్పవలసినది కాదు. బిడ్డ కడుపులో జరిగేదీ ఇదే.

అప్పుడే పుట్టిన బిడ్డ ప్రేగులలో కొంత ప్రాణవాయువు ఉంటుంది. అందుచేత ప్రాణవాయువు ఉన్నా లేకపోయినా బ్రతుకగల జీవులు ముందుగా దిగుతవి. ఇ. కోలి, దానివంటివి ఈ తరగతి. ఇవి అక్కడి ప్రాణవాయువును వాడివేస్తవి. ప్రాణవాయువు తగిలితే బ్రతుకలేని జీవులకు అప్పుడు చోటు ఏర్పడుతుంది. బిఫిడోబాక్టీరియా ఈ రెండవ తరగతిలోనివి. తల్లిపాలు అందుతున్నంతకాలము ఇవే ఊరి పెద్దలు. ఆరవ నెల దాటి అన్నము, పప్పు, కూరలు, పండ్లు లోపలికి వెళ్ళడము మొదలైతే, పీచును అరిగించుకొనే మరికొన్ని జాతులు వచ్చి చేరుతవి. ఇవి పీచును పులియబెట్టి తయారుచేసే ఆమ్లాలు ప్రేగుగోడకే ఆహారము.

ఈ మార్పులను వేలకొలది నమూనాలతో లెక్కించినవారు ఉన్నారు. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికా, మలావి, వెనెజువెలా దేశాలకు చెందిన 531 మంది ప్రేగులలోని బాక్టీరియాను పోల్చి చూచినారు. ఆ మూడు దేశాల తిండీ బ్రతుకూ వేరైనా, బిడ్డ కడుపు పెద్దవాళ్ళ కడుపును పోలిన స్థితికి వచ్చే గడువు అన్ని చోట్లా ఒకటే అని తేలినది. ఆ గడువు సుమారు మూడేండ్లు. 2018లో అమెరికా, ఐరోపాలలోని 903 మంది పిల్లలను వరుసగా గమనించినవారు ఈ కాలమును మూడు భాగాలు చేసినారు. మూడవ నెలనుండి పదునాలుగవ నెలవరకు ఊరు కట్టే దశ. ముప్పయ్యవ నెలవరకు మార్పు దశ. ఆపైన స్థిరపడిన దశ. ఈ మొత్తములో అన్నిటికంటె ఎక్కువ ప్రభావము తల్లిపాలదేనని వారు వ్రాసినారు.

ఈ ఊరి జనము చేసే పనులు చిన్నవి కావు. కొన్ని విటమినులను ఇవి తయారుచేస్తవి. ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే తొడకు కె విటమిను సూది వేయడము మనము చూస్తున్నాము. రక్తము గడ్డకట్టడానికి అవసరమైన ఆ విటమిను తల్లిపాలలో స్వల్పము. దానిని తయారుచేసే బాక్టీరియా ఇంకా కడుపులో చేరలేదు. అందుకే ఆ సూది. ఇక అన్నిటికంటె పెద్ద పని, బిడ్డ రోగనిరోధకశక్తికి చదువు చెప్పడము. ఎవరిని ఎదుర్కోవలెను, ఎవరిని సహించవలెను అన్న వివేకము బిడ్డ దేహానికి ఈ తొలి పరిచయాలవల్లనే అలవడుతుంది.

తల్లిపాలలో బిడ్డ తినని తిండి

టిస్సియే చూచిన వింతకు కారణము తల్లిపాలలోనే ఉన్నది. తల్లిపాలలో నీరు తీసివేస్తే అధికముగా ఉండేది పాలచక్కెర, తరువాత కొవ్వు. మూడవ స్థానము మాంసకృత్తులదని చాలమంది అనుకొంటారు. అది నిజము కాదు. మూడవ స్థానము ఓలిగోశాకరైడ్లు అనే ఒక జాతి గొలుసు చక్కెరలది. లీటరు పాలలో ఇవి 5 మొదలు 15 గ్రాములవరకు ఉంటవి. ముర్రుపాలలో 20 గ్రాములకు పైగా ఉంటవి. వీటిలో సుమారు 200 రకాలను గుర్తించినారు. ఆవుపాలలో ఇవి అత్యల్పము.

చిత్రమేమంటే, ఈ చక్కెరలను అరిగించుకొనే జీర్ణరసము బిడ్డకు లేదు. అవి ఎట్లా లోపలికి పోయినవో అట్లాగే పెద్దప్రేగుకు చేరుతవి. ఒంటిలోని సత్తువ ధారపోసి తయారుచేసిన పాలలో, బిడ్డకు అరగని పదార్థమును తల్లి దేహము ఇంతగా ఎందుకు కలుపుతున్నది? అది బిడ్డకోసము కాదు, బిడ్డ కడుపులో చేరుతున్న బిఫిడోబాక్టీరియాకోసము. 1950 దశకములో అమెరికాలో పాల్ గ్యోర్గీ అనే శాస్త్రజ్ఞుడు తల్లిపాలలో బిఫిడస్‌ను పెంచే పదార్థము ఉన్నదని చూపి, అది ఈ చక్కెరల జాతికే చెందినదని తేల్చినాడు. 2008లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయమువారు 'ఇన్ఫాంటిస్' అనే ఒక బిఫిడోబాక్టీరియా జన్యుపటమును చదివి, తల్లిపాల చక్కెరలను పట్టి లోపలికి లాగి విరుచుకొని తినడానికి కావలసిన సరంజామా అంతా దానివద్ద ఉన్నదని వెల్లడించినారు. తల్లి ఒకే ధారలో బిడ్డకు ఆహారమూ, బిడ్డను కాచే కావలివానికి కూలీ రెండూ ఇస్తున్నదన్నమాట.

ఆ కూలి తీసికొన్న కావలివాడు ఊరికే కూర్చోడు. ఈ చక్కెరలను తిని పులుపు పదార్థాలను విడుస్తాడు. ఆ పులుపులో, రోగము తెచ్చే అనేక క్రిములు పెరుగలేవు. ఇదిగాక, కొన్ని దుష్ట క్రిములు ప్రేగుగోడకు అంటుకోబోయి, గోడను పోలిన ఈ చక్కెరలకే అంటుకొని మలముతో కొట్టుకొనిపోతవి. ఇన్ఫాంటిస్ నేడు ధనిక దేశాల పిల్లలలో అరుదైపోయినది. బంగ్లాదేశ్, గాంబియావంటి దేశాల పిల్లలలో ఇంకా విరివిగా ఉన్నది. మన పేద ఇండ్లలోని తల్లులు తమకు తెలియకుండానే కాపాడుతున్న ఆస్తి ఇది.

పుట్టుక తీరునుబట్టి

బిడ్డ సహజముగా పుట్టినప్పుడు తల్లి ప్రసవమార్గములోనూ, ఆ పరిసరాలలోనూ ఉన్న బాక్టీరియా బిడ్డకు మొదటి చుట్టాలు. కడుపు కోసి తీసిన బిడ్డకు ఆ చుట్టరికము ఆలస్యమవుతుంది. 2010లో వెనెజువెలాలో జరిగిన పరిశోధనలో, సహజముగా పుట్టిన పిల్లల ఒంటిమీద తల్లి ప్రసవమార్గములోని జీవులూ, సిజేరియన్ పిల్లల ఒంటిమీద చర్మముమీద ఉండే జీవులూ కనిపించినవి. 2019లో ఇంగ్లండులో 596 మంది శిశువులను పరీక్షించినప్పుడు, సిజేరియన్ పిల్లల కడుపులో ఆసుపత్రులలో తిరిగే క్రిములు ఎక్కువగా ఉన్నట్లు తేలినది. అయితే ఆ తేడాలో చాలభాగము ఆరు, తొమ్మిది నెలల నడుమ సమసిపోయినది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూరు కాన్పులలో 60కి పైగా సిజేరియన్లే. తమిళనాడులో 45కు చేరువ. ఆంధ్రలో 42. దేశము మొత్తముమీద 21 లేక 22. ఒక ప్రాంతానికీ ఇంకొక ప్రాంతానికీ ఇంత వ్యత్యాసము తల్లుల దేహాలలో ఉండదు గదా. అవసరమైన సిజేరియన్ తల్లినీ బిడ్డనూ బ్రతికించే వరము. ఆ విధముగా కన్న తల్లి నొచ్చుకోవలసినదేమీ లేదు. తల్లిపాలు ఆమె చేతిలోనే ఉన్నవి గనుక, ఆలస్యమైన ఊరిని త్వరగా నిలబెట్టే సాధనమూ ఆమె చేతిలోనే ఉన్నది. ముహూర్తము బాగున్నదనో, నొప్పులకు భయపడియో కోరి కోయించుకొనేవారు మాత్రము ఒకసారి ఆలోచించవలెను.

ఒడిషా పల్లెలలో ఒక పరీక్ష

ఈ విషయమై ప్రపంచము కన్ను మన ఇరుగునే ఉన్న ఒడిషా పల్లెలమీద పడిన సందర్భము ఒకటి ఉన్నది.

పుట్టిన కొద్ది వారాలలో పసిపిల్లలను బలితీసుకొనే జబ్బులలో సెప్సిస్ ఒకటి. క్రిములు రక్తములో ప్రవేశించి ఒళ్ళంతా వ్యాపిస్తవి. బిడ్డ పాలు త్రాగదు, ఒళ్ళు చల్లబడుతుంది లేక కాలిపోతుంది, మగతగా పడిఉంటుంది. పల్లెటూరివారు ఆసుపత్రి చేరేలోపలే ప్రాణము పోయే సందర్భాలు ఎన్నో. ఈ క్రిములలో కొన్ని ప్రేగునుండే రక్తములోనికి దూరుతవి గనుక, ఆ ప్రేగులో ముందే మంచివారిని కాపురము పెడితే ఎట్లా ఉంటుందని డాక్టరు పినాకి పాణిగ్రాహి ఆలోచించినారు. ఎన్నో రకాల బాక్టీరియాను పరీక్షించి చివరకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే జాతిలో ఒక రకమును ఏరుకొన్నారు. ఈ జాతి ఊరవేసిన కూరగాయలలోనూ, పులిసిన పదార్థాలలోనూ ఉండేదే. దానికి తిండిగా ఒక రకపు గొలుసు చక్కెరను జతచేసినారు.

ఒడిషాలోని 149 గ్రామాలలో 4,556 మంది శిశువులు ఈ పరీక్షలో చేరినారు. అందరూ తల్లిపాలు త్రాగుతున్నవారే. పుట్టినప్పుడు రెండు కిలోలకు తగ్గనివారే. సగముమందికి ఈ మందు, మిగిలినవారికి మందు లేని ఉత్త పొడి ఇచ్చినారు. ఎవరికి ఏది ఇస్తున్నదీ ఇచ్చేవారికీ తెలియదు, తల్లులకూ తెలియదు. పుట్టిన రెండు మొదలు నాలుగు రోజులలో మొదలుపెట్టి ఏడు రోజులు మాత్రమే ఇచ్చి, రెండు నెలలపాటు బిడ్డలను కనిపెట్టి చూచినారు. ఉత్త పొడి తీసికొన్న నూరుమందిలో 9 మందికి సెప్సిస్ గాని మరణము గాని సంభవించగా, మందు తీసికొన్న నూరుమందిలో ఆ సంఖ్య 5.4 మాత్రమే. నూటికి నలభై పాళ్ళు తగ్గినదన్నమాట. ఊపిరితిత్తుల జబ్బులు కూడా తగ్గినవి. ఇంకా ఎక్కువమందితో జరుపవలెనని తలపెట్టిన పరీక్షను, మేలు స్పష్టముగా కనబడినందున ముందే ఆపినారు. 2017 ఆగస్టులో 'నేచర్' పత్రికలో ఇది వెలువడినది. ఒక బిడ్డకు ఏడు రోజుల మందుకు అయ్యే ఖర్చు సుమారు ఒక డాలరు.

ఇది చదివి, దుకాణములో దొరికే పొడి ఏదో ఒకటి తెచ్చి బిడ్డ నాలుకమీద వేయవచ్చునని ఎవరూ అనుకోరాదు. ఒక జాతిలో ఒక రకము చేసిన మేలు పక్క రకము చేస్తుందన్న నమ్మకము లేదు. నెలలు నిండని శిశువులకు ఇటువంటి బాక్టీరియా పొడులు ఇచ్చినప్పుడు అవే రక్తములో చేరి ప్రాణాపాయము కలిగించే ప్రమాదమున్నదని 2023లో అమెరికా ఆహార ఔషధ శాఖ వైద్యులను హెచ్చరించినది. ఇవి వైద్యుడు చెబితే వాడవలసినవి, లేనియెడల తాకరానివి. పులిసిన పదార్థాలలో ఉంటుందన్నారు గదా అని ఆవకాయ ఊటను పసిబిడ్డకు నాకించేవారు మనలో ఉండరనే మా నమ్మకము!

ఢాకా పేటలో మరొకటి

కడుపులోని ఊరు సరిగా ఎదుగకపోతే బిడ్డ కూడా సరిగా ఎదుగదని చూపినది బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని మీర్‌పూర్ అనే పేదల పేట. అక్కడ తహ్మీద్ అహ్మద్ గారి బృందమూ, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునుండి జెఫ్రీ గోర్డన్ గారి బృందమూ కలిసి పనిచేసినారు. ఆరోగ్యముగా పెరిగే పిల్లలలో ఏ నెలకు ఏ బాక్టీరియా ఉండవలెనో ముందుగా ఒక పట్టిక తయారుచేసినారు. దానితో పోల్చి చూస్తే, తీవ్రముగా చిక్కిపోయిన పిల్లల కడుపులోని ఊరు వయస్సుకు తగినట్లు లేదు. ఏడాదిన్నర బిడ్డ కడుపులో ఇంకా చిన్న బిడ్డ కడుపులోని జనమే ఉన్నది. పుష్టినిచ్చే పథ్యము పెడితే కొద్దికాలము మెరుగై, ఆ పథ్యము ఆపగానే తిరిగి వెనుకబడినది. ఇది 2014 నాటి మాట.

అప్పుడు వారు బిడ్డను మాత్రమే గాక కడుపులోని ఊరిని కూడా మేపే ఆహారము ఏదని వెదకినారు. చివరకు కుదిరిన దినుసులు శనగపిండి, వేరుశనగపిండి, సోయాపిండి, పచ్చి అరటికాయ. 2021లో వెలువడిన పరీక్షలో, ఏడాదినుండి ఏడాదిన్నర వయస్సు గల, మధ్యరకముగా చిక్కిన 118 మంది పిల్లలకు మూడు నెలలు ఆహారము పెట్టి చూచినారు. సగముమందికి మామూలు పుష్టి ఆహారము, సగముమందికి ఈ కొత్త ఆహారము. కొత్తదానిలో శక్తి మామూలుదానికంటె తక్కువ. అయినా దానిని తిన్న పిల్లలే బరువులో త్వరగా పెరిగినారు. శనగలు, వేరుశనగలు, అరటికాయ మన వంటింటిలో లేని రోజు ఉన్నదా? పాళ్ళు కుదిర్చి బిడ్డ వయస్సుకు తగినట్లు మెత్తగా వండడము వైద్యులను అడిగి చేయవలసిన పని. పప్పుదినుసులూ కాయగూరలూ బిడ్డకు అరగవనే భయము మాత్రము వదలుకోవచ్చును.

మన రాయవెల్లూరు పేటలలో పుట్టిన పిల్లలను ఏండ్ల తరబడి గమనించిన వైద్యులు కూడా 2016లో ఇటువంటి సంగతే వ్రాసినారు. వారు చూచినది ఇరవైమంది పిల్లలనే. అందులో గిడసబారకుండా ఎదిగిన పిల్లల కడుపులో బిఫిడోబాక్టీరియా సమృద్ధిగా కనిపించినది.

మన ఇండ్ల ఆచారాలు

మన పెద్దల ఆచారాలన్నీ మంచివనీ, అన్నీ చెడ్డవనీ అనడానికి వీలులేదు. ఒక్కొక్కదానిని విడిగా చూడవలెను.

ఆరవ నెలలో అన్నప్రాశన చేయడము నేటి వైద్యులు చెప్పే గడువుకు సరిగా సరిపోతున్నది. అంతవరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అన్నప్రాశననాడు చనుపాలు మానిపించవలసిన పని లేదు. రెండేండ్లవరకూ, ఆపైన కూడా ఇవ్వవచ్చును. స్వీడన్ దేశములో 98 మంది తల్లులనూ బిడ్డలనూ గమనించి 2015లో వ్రాసినవారు, కడుపులోని ఊరిని ఎక్కువగా మార్చేది అన్నము మొదలుపెట్టడము కాదనీ, తల్లిపాలు మానిపించడమేననీ అన్నారు.

ముర్రుపాలు చిక్కగా పచ్చగా ఉన్నవని పిండి పారబోయడము మాత్రము తప్పక మానవలసిన ఆచారము. గొలుసు చక్కెరలు అధికముగా ఉన్నదీ, రోగమును అడ్డగించే పదార్థాలు దండిగా ఉన్నదీ ఆ పాలలోనే. ఆవు ఈనితే జున్ను పాలకోసము ఊరంతా తిరిగే మనము, తల్లి జున్ను పాలను నేలపాలు చేయడము ఏమి న్యాయము? పుట్టిన గంటలోపల తల్లిపాలు అందిన బిడ్డలు మన దేశములో నూటికి 42 మందికి మించి లేరని పైన చెప్పిన సర్వేయే తెలుపుతున్నది.

తల్లికి పాలు పడలేదని ఆ రెండు మూడు రోజులలో చక్కెర నీళ్ళు, ఆముదము, గాడిదపాలు, తేనె ఉగ్గుగిన్నెతో పోసేవారు ఉన్నారు. తొలిరోజులలో పాలు కొద్దిగానే పడడము సహజము. బిడ్డ పొట్ట కూడా అంత చిన్నదే. తేనె సంగతి మరీ ముఖ్యము. తేనెలో అప్పుడప్పుడు ఒక బాక్టీరియా బీజాలు ఉంటవి. మనము తింటే ఏమీ కాదు, మన కడుపులో నిండా జనమున్నారు గనుక వాటికి నిలువ చోటుండదు. పసిబిడ్డ కడుపులో కాపలా లేదు. అక్కడ ఆ బీజము మొలకెత్తి, కండరాలను పడగొట్టే విషమును పుట్టించగలదు. ఏడాది నిండనిదే తేనె పెట్టరాదని వైద్యులు చెప్పడానికి కారణము ఇదే. కడుపులో ఊరు ఉండడానికీ లేకపోవడానికీ ఎంత భేదమో ఈ ఒక్క ఉదాహరణ చాలును.

మనము చేయవలసినది

ఇంతవరకు చెప్పినదానినుండి ప్రతి ఇంటివారూ ఆచరించదగినవి కొన్ని ఉన్నవి.

మొదటిది, కాన్పు ఏ తీరున అయినా, తల్లీ బిడ్డా కులాసాగా ఉంటే గంటలోపల బిడ్డను రొమ్ముకు చేర్చవలెను. బిడ్డ ఒంటిని తల్లి ఒంటికి ఆనించి ఉంచవలెను. ఈ మాట కాన్పుకు ముందే వైద్యునితోనూ నర్సుతోనూ చెప్పి ఉంచడము మంచిది. నొప్పులలో ఉన్న తల్లి ఆ సమయములో అడుగలేదు. పక్కనున్న పెద్దవారే అడుగవలెను.

రెండవది, ఆరు నెలలు తల్లిపాలు తప్ప వేరొకటి వద్దు. పాలపొడి డబ్బాలకు ప్రకటనలు వేయరాదని మన దేశములో 1992లో చట్టమే చేసినారు. తల్లికి జబ్బు చేసియో, మరే కారణముచేతనో పాలు ఇవ్వలేకపోతే అది వేరు సంగతి. అప్పుడు వైద్యుడు చెప్పినట్లు నడచుకోవలెను. ఆ తల్లిని సూటిపోటి మాటలనడము ఎవరికీ తగదు.

మూడవది, యాంటీబయాటిక్ మందుల విషయములో జాగ్రత్త. ఇవి శత్రువును చంపేటప్పుడు ఊరివారిని కూడా చంపుతవి. పిల్లలకు వచ్చే జలుబు, దగ్గులలో చాలభాగము వైరస్‌లవల్ల వచ్చేవి. వాటిమీద ఈ మందులు పనిచేయవు. క్రిందటిసారి మిగిలిన సీసా తీసి, ఈసారీ అదే జ్వరమని పోయడము ప్రమాదము. నిజముగా అవసరమని వైద్యుడు ఇస్తే, చెప్పినన్ని రోజులూ చెప్పినంత మోతాదులో ఇవ్వవలెను. సెప్సిస్ వచ్చిన బిడ్డను బ్రతికించేవి ఆ మందులే.

నాలుగవది, ఆరు నెలలు నిండిన తరువాత మెత్తని అన్నముతో ఆగక పప్పు, ఆకుకూర, కాయగూర, పండు ఒక్కొక్కటిగా అలవాటు చేయవలెను. ఎన్ని రకాల పీచు లోపలికి వెళితే ఊరిలో అన్ని వృత్తులవారు నిలుస్తారు.

ఐదవది, మంచి క్రిములు ఉన్నవని విని శుభ్రత మానరాదు. పాయఖానానుండి వచ్చినా, బిడ్డ మలము కడిగినా, బిడ్డకు తినిపించబోయినా సబ్బుతో చేతులు కడుక్కోవలెను. అన్నదమ్ములతో అక్కచెల్లెండ్రతో కలిసి ఆడడము, పెరటి మట్టిలో తిరగడము వేరు. మురుగునీరు నోటికి పోవడము వేరు. మొదటిదానికి భయపడవద్దు, రెండవదానికి భయపడవలెను.

ఈ ఐదింటిలో ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు. గడువు మాత్రము ఉన్నది. మూడేండ్లు నిండేసరికి కడుపులోని ఊరు చాలవరకు స్థిరపడిపోతుంది. ఆ తరువాత మార్పు అసాధ్యము కాదు గాని, తేలిక కాదు. మన ఇండ్లలో బాలింత గదిలో ఏమి జరుగవలెనో నిర్ణయించేది ఎక్కువగా పెద్ద ఆడవారే. ముర్రుపాలు పిండి పారబోయమనే మాట వారి నోటనే వస్తుంది. వద్దు, బిడ్డకే పట్టు అనే మాట కూడా వారి నోట వస్తే ఆ ఇంట దానికి ఎదురు ఉండదు. ఈ సంచికను చదివినవారు, నెలలు నిండిన కోడలో కూతురో ఉన్న ఇంటికి వెళ్ళి ఆ అత్తగారికీ ఆ అమ్మగారికీ ఈ నాలుగు మాటలు చెప్పి రావలెనని మా కోరిక.